విత్తు ముందా, చెట్టు ముందా? - కాలిఫోర్నియాలో ఉదజని బండ్లు

క్రొత్త బండి కొనదలచిన గృహస్థు మొదట అడుగు ప్రశ్న, "దీనికి ఇంధనము ఎచ్చట దొరకును?" అని. ఇంధనము విక్రయింపదలచిన వర్తకుడు అడుగు ప్రశ్న, "కొనుటకు బండ్లెన్ని యున్నవి?" అని. ఒకరి కొరకు ఒకరు వేచియున్నంతకాలము క్రొత్త ఇంధనము వీధిలోనికి రాదు. ఈ చిక్కు విప్పుటకు ప్రభుత్వము పూనుకొన్నచో ఏమి జరుగునో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమును చూచి మనము తెలిసికొనవచ్చును.

ఉదజని, అనగా హైడ్రోజను, మండెడి వాయువు. కాని యీ బండ్లలో దానిని మండింపరు. ఫ్యూయెల్ సెల్ అను సాధనములో ఉదజనియు, గాలియందలి ఆమ్లజనియు కలియునపుడు విద్యుత్తు పుట్టి మోటారును త్రిప్పును. వెలికి వచ్చునది నీరు మాత్రమే. వాయుమండలపు ఒత్తిడికి సుమారు 700 రెట్ల ఒత్తిడితో నింపిన ఒక కిలోగ్రాము ఉదజనితో కారు దాదాపు 100 కిలోమీటర్లు నడచును. తొట్టి నింపుటకు అయిదు నిమిషములు చాలును.

మోటారుబండ్ల పొగతో లాస్ ఏంజెలెస్ నగరము చిరకాలము బాధపడినది. అందుచే 1990లో రాష్ట్ర వాయుసంరక్షణ మండలి, పెద్ద కంపెనీలు 1998 నుండి అమ్ము కార్లలో నూటికి రెండు పొగలేనివై యుండవలెనని శాసించెను. కంపెనీలు అభ్యంతరము తెలుపగా 1996లో ఆ తొలి గడువును విడిచెను. అయినను శాసనము మాత్రము పలుమార్పులతో నిలిచినది.

ఇది బండ్ల మాట. ఇంధనము మాటయో? 2004లో గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ రహదారుల వెంబడి 2010 నాటికి ఉదజని కేంద్రములు వెలయవలెనని ఉత్తరువు చేసెను. ఆ గడువునకు సంకల్పము నెరవేరలేదు. పిమ్మట 2013లో చేసిన చట్టము, కనీసము 100 కేంద్రములు ఏర్పడువరకు ఏటేట 2 కోట్ల డాలర్ల వరకు వెచ్చించుటకు వీలు కల్పించెను. బండ్ల రిజిస్ట్రేషను రుసుములు ఆ నిధికి ఒక ఆధారము. ప్రపంచమున ఉదజనిలో అధికభాగము సహజవాయువు, బొగ్గులనుండియే తీయబడుచున్నది. అట్లు తీయునపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. కావున ప్రభుత్వ ధనముతో నడచు కేంద్రములలో మూడవవంతు ఉదజని సూర్యుడు, గాలి వంటి తరుగని వనరులనుండి రావలెనని 2006 నాటి చట్టము నిర్దేశించినది.

ఇన్ని ఏర్పాట్లున్నను కథ సుఖాంతము కాలేదు. 2023, 2024 సంవత్సరములలో పలుచోట్ల కిలో ధర 30 డాలర్లు దాటెను. 2024లో షెల్ సంస్థ అచ్చటి తన కార్ల ఉదజని కేంద్రములను మూసివేసెను. ప్రభుత్వపు మాటను నమ్మి కారు కొన్న కుటుంబములు ఇంధనము కొరకు దూరము పోవలసి వచ్చెను. బ్యాటరీ కారునకో, తీగె ఇంటికే వచ్చియున్నది. అందుచే అది ముందుకు సాగినది.

కాబట్టి మేము గ్రహించినది ఇది: ధనమిచ్చి మొదటి విత్తు నాటుట ప్రభుత్వమునకు కష్టము కాదు. చెట్టు వేరూనువరకు నీరు పోయుట, అనగా సరసమైన ధరకు ఇంధనము నిలుకడగా అందునట్లు చూచుట, కష్టము. ఏ ప్రభుత్వమైనను క్రొత్త ఇంధనమును ప్రోత్సహించునపుడు, కేంద్రములెన్ని తెరచితిమని గాక, పదియేండ్ల తరువాతను అవి తెరచియుండునా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. బండి కొన్న గృహస్థునకు కావలసినది ఆ భరోసాయే.