మర్ఫా మ్రోత

బాలబాలికలారా! మన ఓరుగల్లు వీధులలో పెండ్లి ఊరేగింపు పోవునపుడు మీరు ఎన్నియో మారులు నిలిచి చూచియుందురు. తీన్మారు మ్రోగగనే ముసలివారి కాళ్లు సైతము కదలును. ఆ లయ మనదేయని మనము మురిసిపోవుదుము. మనదే, సందేహము లేదు. కాని హైదరాబాదు నగరమున ఈ తీన్మారును మర్ఫా వాద్యములపై వాయించుటలో పేరెన్నికగన్నవారు కొందరు కలరు. వారి పూర్వుల జన్మభూమి సముద్రమున కావలనున్న ఆఫ్రికా ఖండము. వారిని సిద్దీలందురు. వారి కథ మన దక్కను చరిత్రలో ఒక భాగమే. ఐనను మనలో పలువురు దానిని ఎరుగరు.

కాకతీయ చక్రవర్తియగు గణపతిదేవుడు 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవులో విదేశవర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను. ఓడ పగిలి సరకులు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో వానిని రాజులు స్వాధీనము చేసికొను దురాచారమును ఆయన మాన్పించెను. సముద్రము దేశములను కలుపునని ఆయనకు తెలియును. కాని సముద్రముపై వేరొక వర్తకము కూడ సాగుచుండెడిది. ఆఫ్రికా తూర్పు తీరమునుండి స్త్రీలను, పురుషులను, మీ వయస్సు పిల్లలను సైతము పట్టి, ఓడలలో నెక్కించి, అరేబియా, భారతదేశముల రేవులలో అమ్మెడివారు. వచ్చినవారందరును బానిసలు కారు. నావికులుగను, సైనికులుగను వచ్చినవారును ఉండిరి. అబిసీనియా దేశమునకు అరబ్బీ భాషలో హబష్ అని పేరు. అందుచే వారిని హబ్షీలనిరి. సిద్దీ యను మాట "నా ప్రభువు" అను నర్థముగల అరబ్బీ పదమునుండి పుట్టెనని పలువురు పండితుల అభిప్రాయము.

వారిలో మాలిక్ అంబరు చరిత్ర మిక్కిలి ఆశ్చర్యకరము. ఆయన 1548 ప్రాంతమున అబిసీనియాలో పుట్టెను. బాల్యముననే బానిసగా అమ్ముడుపోయి, పలువురు యజమానుల చేతులు మారి, తుదకు దక్కను చేరెను. అహమ్మదునగరు రాజ్యమున మంత్రిగానున్న చంగేజ్‌ఖాను ఆయనను కొనెను. ఆ మంత్రియు ఒకనాడు హబ్షీ బానిసయే. యజమాని మరణానంతరము అంబరు సైనికుడై, సేనాపతియై, 1600లో మొగలులు అహమ్మదునగరు కోటను పట్టుకొనిన పిమ్మట ఆ రాజ్యమునకు ఆధారస్తంభమై నిలిచెను. కొండలలో పొంచియుండి శత్రువుల ఆహారసామగ్రిని అడ్డగించి, ఆకస్మికముగా మీదపడుట ఆయన యుద్ధవిధానము. కొన్ని యుద్ధములలో ఓడెను. కొన్ని సంధులకు ఒప్పుకొనెను. ఐనను మరల లేచి నిలిచెను. 1624లో భట్వాడి యొద్ద మొగలు, బీజాపురము సేనలను కలిపి ఓడించెను. జహంగీరు చక్రవర్తికి ఆయనపై నెంత కోపమనగా, తాను అంబరు తెగిన తలపై బాణము వేయుచున్నట్లు చిత్రము వ్రాయించుకొనెను! ఆ తల చిత్రమున తెగినదే కాని యుద్ధభూమిలో తెగలేదు. అంబరు 1626లో వృద్ధుడై మరణించెను.

ఆయన కేవలము యోధుడు కాడు. 1610లో ఖడ్కీ యను నగరమును స్థాపించెను. తరువాత ఔరంగాబాదుగా పేరొంది, నేడు ఛత్రపతి శంభాజీనగరుగా పిలువబడుచున్నది అదియే. ఆ ఊరికి భూమిలోపల కాలువలు త్రవ్వించి మంచినీరు తెప్పించెను. పాకాల, రామప్ప చెరువుల క్రింద పంటలు పండించుకొను మనకు నీరు తెచ్చినవాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక హైదరాబాదునకు వత్తము. నగరమధ్యమున మాసబ్‌ట్యాంకు సమీపమున ఏ.సీ. గార్డ్స్ అను పేట కలదు. ఆ పేరునకు అర్థమేమని అడిగిన చెప్పగలవారు కొలదిమందియే. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను అశ్వికదళము పేరు. వనపర్తి సంస్థానాధీశుడగు రాజా రామేశ్వరరావు 19వ శతాబ్దమున ఆఫ్రికా సంతతివారితో ఒక దళమును ఏర్పరచెననియు, అది పిమ్మట నిజాము కొలువున చేరెననియు చెప్పుదురు. ఆ సైనికుల కుటుంబములు నివసించిన చోటికి దళము పేరే నిలిచిపోయినది. సిద్దిఅంబర్ బజారు, హబ్సీగూడ అను పేరులలో కూడ వారి జ్ఞాపకము దాగియున్నది. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన తరువాత నిజాము సేనలు రద్దయ్యెను. గుఱ్ఱములు పోయినవి. జీతములు పోయినవి. సిద్దీల కుటుంబములు చిన్నచిన్న పనులతో బ్రదుకు సాగించిరి. వారితో నిలిచినది మర్ఫా.

మర్ఫా యనగా డప్పులు, డోళ్లు మొదలగు తాళవాద్యముల మేళము. ఒకరు లయ నెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. క్రమముగా వేగము పెరుగును. ఆడువారు కర్రలు, కత్తులు త్రిప్పుచు నాట్యమాడుదురు. ఇందు ఆఫ్రికా లయయు కలదు, యెమెను దేశమునుండి వచ్చి నిజాము సేనలో చేరిన అరబ్బుల లయయు కలదు. హైదరాబాదులో హిందువులును, మహమ్మదీయులును తమ పెండ్లిండ్లకు, వేడుకలకు ఈ మేళమును పిలుచుకొందురు. తాతల భాష మరచినవారు సైతము తాతల లయను మరువలేదు. ప్రతి ఊరేగింపును వారికి ఒక చరిత్రపాఠమే.

ఇట్లు తమ చరిత్రను తామే కాపాడుకొనవలెనను కోరిక ఇతర దేశములందును కలదు. అమెరికాలో బానిసలుగానుండి విముక్తులైన దంపతుల కుమారుడగు కార్టర్ వుడ్‌సన్ అను చరిత్రకారుడు, పాఠ్యపుస్తకములలో తన జాతివారి ఊసే లేకుండుట చూచి, 1926లో ఫిబ్రవరి మాసమున ఒక వారమును నల్లజాతి చరిత్రకై కేటాయించెను. 1976 నాటికి ఆ వారము మాసమయ్యెను. నేడు అచట నగరములలో ఉపన్యాసములు, సంగీతసభలు, ఊరేగింపులు జరుపుదురు. మన దేశమునను సిద్దీలకు కొంత గుర్తింపు లభించుచున్నది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు 2003లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చబడిరి. గుజరాతులో సిద్దీ స్త్రీల అభివృద్ధికై పాటుపడిన హీరాబాయి లోబీకి 2023లో పద్మశ్రీ లభించెను.

ఇదియంతయు మీకేల చెప్పుచున్నాననగా, నేను చేసిన ఒక పొరపాటు నాకు ఇంకను జ్ఞాపకమున్నది. నేను ప్రధానోపాధ్యాయుడనైయున్న కాలమున ఒక వార్షికోత్సవమునకు రామాయణ నాటకము వేయించితిని. వేషములు పంచునపుడు, నల్లగానున్న ఒక బాలునికి ఆలోచింపకయే రాక్షస వేషము నిచ్చితిని. వాడు బాగుగా చదువువాడు, కంఠము చక్కనిది. మరునాడు వాడు నా గదికి వచ్చి, "సార్, రాముడు నల్లనివాడే గదా! మరి నాకు రాక్షసుని వేషమేల ఇచ్చినారు?" అని మెల్లగా అడిగెను. నాకు సమాధానము దొరకలేదు. నీలమేఘశ్యాముడని రాముని ఎన్నియో మారులు వర్ణించి చెప్పిన పండితుడను నేనే. తరగతిలో పిల్లలు వానిని రంగునుబట్టి మారుపేరుతో పిలుచుచుండగా విని ఊరకున్నవాడను కూడ నేనే. ఆ నాటకమున వాడే రాముడయ్యెను. ఆ పిమ్మట తరగతిలో మాలిక్ అంబరు కథ చెప్పితిని. ఆ మారుపేరు మరల వినబడలేదు.

కావున, బాలలారా! మీరు హైదరాబాదు పోయినపుడు ఏ.సీ. గార్డ్స్ మీదుగా పోవుట తటస్థించినచో, ఆ పేరున కర్థమును ప్రక్కనున్నవారికి చెప్పుడు. పెండ్లి ఊరేగింపులో తీన్మారు మ్రోగినపుడు సంతోషముగా ఆడుడు. అంతకంటె ముఖ్యముగా, మీ తరగతిలో ఎవరినైనను మేనిరంగునుబట్టి పరిహసించుట విన్నచో, నావలె ఊరకుండకుడు.