సొసైటీ గ్రాంటు

సొసైటీ గ్రాంటు అంటే అమెరికాలో యువ సర్జన్లకు వృత్తి సంఘాలు ఇచ్చే తొలి పరిశోధన నిధి. 1913లో ఏర్పడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఇచ్చే రెండేళ్ల ఫ్యాకల్టీ ఫెలోషిప్ అలాంటిదే.

సొమ్ము కన్నా దాంతో చిక్కే సమయమే విలువైనది. ఆపరేషన్లు, ఓపీ, నైట్ డ్యూటీల మధ్య ల్యాబ్‌లో కూర్చునే తీరిక సర్జన్‌కి ఎక్కడిది? అందుకే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ తన కె08 గ్రాంటు పొందినవారిని 75 శాతం సమయం పరిశోధనకే కేటాయించమంటుంది. సర్జరీ విభాగాలకు దాన్ని 50 శాతం దాకా తగ్గించే సడలింపు ఉండొచ్చు.

సంఘం డబ్బుతో సాధించిన తొలి ఫలితాలే పెద్ద గ్రాంటు దరఖాస్తుకు బలం. ఎన్ఐహెచ్ ఇచ్చే పెద్ద గ్రాంటు ఆర్01 వరకూ చేరితే పదోన్నతి దారి సుగమమవుతుంది.

అయితే గ్రాంటు గెలిచినవాళ్లు ముందునుంచే చురుకైనవాళ్లు కావచ్చు. నిధి చేసిన మేలెంతో తేలాలంటే, త్రుటిలో దాన్ని పోగొట్టుకున్నవారి ఎదుగుదలతో పోల్చి చూడాలి.