పళ్ళు పట్టి చూడలేని ఎద్దు

కృష్ణా డెల్టాలో పూర్వం ఎడ్లను కొనడం ఒక విద్య. సంతకు వెళ్ళిన రైతు మొదట ధర అడిగేవాడు కాదు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు పట్టి చూచేవాడు. వాటి రాకను, అరుగుదలను బట్టి వయస్సు తేలేది. సుడులు పరీక్షించేవాడు, గిట్టలు తట్టేవాడు. కొంత దూరం నడిపించి, వెనుక నిలిచి నడక చూచేవాడు. కాడి కట్టి బరువు లాగించిన తరువాత గాని బేరానికి తువ్వాలు క్రింద చేయి పెట్టేవాడు కాదు. అక్షరం రానివాడైనా ఆ విషయంలో పండితుడే.

ఆ విద్య మన కన్నుల ఎదుటనే అంతరించినది. దుక్కి ట్రాక్టరు పాలైనది. ప్రయాణం మోటారు పాలైనది. కాని పాతది కొనడం మాత్రం ఆగలేదు. ఒకరు వాడిన బండిని మరొకరు కొంటున్నారు. దానికి పళ్ళు లేవు. పళ్ళకు బదులు స్టీరింగు ముందు కిలోమీటర్ల అంకె ఒకటి కనబడుతుంది. దానిని వెనుకకు త్రిప్పగల నిపుణులున్నారు. ఎద్దు తన వయస్సును దాచుకొనలేదు. యంత్రం వయస్సును మనుష్యుడు దాచగలడు. ఈ సంగతి నాకు గ్రంథాల వల్ల గాక అనుభవం వల్ల తెలిసినది. ప్రతిదినం దూరపు పాఠశాలలకు పోయి వచ్చే ఉపాధ్యాయ మిత్రులకు ఉపకరించవచ్చునని వ్రాస్తున్నాను.

మా నివాసం కూచిపూడి. కొలువు విజయవాడలోని కళాశాలలో. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా రానుపోను నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఇంటి వద్ద తమ్ముడిది వ్యవసాయం. సార్వా ధాన్యం, దాని వెనుక మినుములు బస్తాలలో ఇల్లు చేరవలెను. పైగా ఇది భాగవతుల ఊరు. ఒకప్పుడు మేళాలు ఆహార్యపు పెట్టెలను ఎడ్లబండ్లపై వేసికొని ఊరూరా తిరిగినవి. నేడు ఆ పెట్టెలకు దీపస్తంభాలు, మైకులు, పెద్ద స్పీకర్లు తోడైనవి. మేళం ఉన్న బంధువులు అడిగినప్పుడు కాదనలేము. కనుక నిత్యం కళాశాలకు తీసికొనిపోగలది, అవసరం పడినప్పుడు రెండు చక్రాల ట్రైలరును లాగగలది, ఒకే బండి కావలసి వచ్చినది. క్రొత్తది కొనే స్తోమత లేదు. అంతకుముందున్న చిన్న పెట్రోలు కారు 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదలో, విజయవాడ సింగునగరంలో బంధువుల ఇంటి ముందు మునిగినది. దాని కథ చివర చెపుతాను.

బరువు లాగడానికి డీజిల్ బండి మేలని అందరూ అంటారు. ఎందువల్లనో విద్యార్థులు తెలిసికొనడం మంచిది. పెట్రోలు యంత్రంలో గాలిని, ఇంధనాన్ని కలిపి సుమారు పదింతలు కుదించి, విద్యుత్తు రవ్వతో అంటిస్తారు. డీజిల్ యంత్రంలో రవ్వ లేదు. గాలిని మాత్రమే పదహారు, పదునెనిమిది ఇంతలు కుదిస్తారు. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడెక్కుతుంది. అందులో ఇంధనం చిమ్మగానే తనంతట తాను మండుతుంది. ఈ యంత్రం వడివడిగా తిరగనక్కరలేకుండ నెమ్మదిగా తిరిగినప్పుడే గట్టి పట్టు ఇస్తుంది. పందెపు గుఱ్ఱానికి, దుక్కిటెద్దుకు ఉన్న భేదమే ఇది.

దీనిని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మను. ఆవిరియంత్రాలు బొగ్గులోని శక్తిలో అత్యధిక భాగాన్ని వృథా చేసే కాలంలో, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఆయన యంత్రం ఇంధనశక్తిలో నూటికి 26 పాళ్ళను పనిగా మార్చి లోకాన్ని ఆశ్చర్యపరచినది. 1900లో పారిస్ ప్రదర్శనశాలలో అట్టి యంత్రం ఒకటి వేరుసెనగ నూనెతో నడిచినది. మన పొలాల పంటతో నడిచిన యంత్రమన్న మాట! 1913లో ఆయన ఇంగ్లండుకు పోతూ నడిసముద్రంలో ఓడనుండి అదృశ్యుడైనాడు. పేరు మాత్రం ప్రతి పెట్రోలు బంకులోను నిలిచియున్నది.

అయితే డీజిల్ అందరికీ తగదు. 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ ఆరవ దశ ప్రమాణాల బండ్లలో పొగమసిని పట్టి ఉంచే జల్లెడ ఒకటి ఉన్నది. బండి కొంత దూరం ఏకధాటిగా పరుగెత్తితే గాని ఆ వేడికి మసి కాలిపోదు. బడికి నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చే ఉపాధ్యాయుడు అట్టి బండి కొంటే జల్లెడ మూసికొనిపోయి, ఇంధనంలో మిగిలినది మరమ్మతులో పోతుంది. పైగా 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ తొలగినది. పెట్రోలుకు, డీజిలుకు పూర్వమున్నంత అంతరం లేదు. దూరం, బరువు అనే రెండూ ఉన్నవానికే ఇది లాభం.

తరువాతి ప్రశ్న కట్టుబడి. పెద్ద చక్రాలతో ఎత్తుగా కనబడే ప్రతి బండినీ నేడు ఎస్‌యూవీ అంటున్నారు. మా చిన్ననాట అన్నిటికీ ఒకటే పేరు - జీపు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట సైన్యం వదలుకొన్న జీపులు మన దేశంలో వేలానికి వచ్చినవి. 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం ప్రారంభించినారు. అనగా ఈ జాతి బండి మన దేశస్థులకు తొలుత దొరికినదే సెకండు హ్యాండులో! 1994లో టాటా సుమో వచ్చినది. సుమంత్ మూల్‌గావ్‌కర్ పేరులోని తొలి అక్షరాలే దానికి పేరైనవి. 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చినవి. వీటికి అడుగున నిచ్చెన వంటి ఉక్కు చట్రం ఉంటుంది. దానిపై ఒళ్ళు బిగిస్తారు. నేటి అనేక బండ్లలో వేరు చట్రం లేదు, ఒళ్ళే చట్రం. కుదుపు తక్కువ, ప్రయాణం సుఖం; కాని నిత్యం వెనుకనుండి బరువు గుంజితే ఓర్చుకొనేది నిచ్చెన చట్రమే.

ట్రైలరు లాగడంలో మన బండివాని సూత్రమే నేటికీ సూత్రం. ఎడ్లబండిలో బరువు ముందుకు మొగ్గితే ఎడ్ల మెడలు నలుగుతవి. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేస్తుంది. ట్రైలరులోనూ అంతే. మొత్తం బరువులో సుమారు పదవవంతు కొక్కెంపై పడవలెను. అంతకు బాగా తగ్గితే ట్రైలరు పాము వలె అటునిటు కొట్టుకొంటుంది. మించితే బండి ముందరి చక్రాలు తేలికపడి స్టీరింగు మాట వినదు. తయారీదారు పుస్తకంలో వ్రాసిన పరిమితిని మించరాదు. ఆగడానికి రెట్టింపు దూరం ఉంచుకొనవలెను. 1988 మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడ మోటారు వాహనంగానే నిర్వచించినది. కనుక దానికి వేరుగా రిజిస్ట్రేషను ఉండవలెను. వెనుక దీపాలు వెలగని ట్రైలరు చీకటిలో యమపాశమే. బందరు రోడ్డుపై కోతల కాలంలో ప్రయాణించేవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

ఈ ఎరుకతో నేనూ తమ్ముడూ ఒక ఆదివారం విజయవాడ ఆటోనగరుకు వెళ్ళినాము. 1960లలో వెలసిన ఆ పేట మోటారు లోకానికి ఒక విశ్వవిద్యాలయం. చట్రాలు సాగదీసేవారు, బాడీలు కట్టేవారు, పంపులు బాగుచేసేవారు వీధులకు వీధులే ఉన్నారు. అక్కడ తమ్మునికి తెలిసిన మేస్త్రి ఒకడు మాకు గురువైనాడు.

ఒక వ్యాపారి చూపిన మొదటి బండి అద్దం వలె మెరుస్తున్నది. కిలోమీటర్లు తక్కువ, ధర మరీ తక్కువ. నేను మనస్సులో కొనివేసినాను. మేస్త్రి మాత్రం బోనెట్టు ఎత్తలేదు. వెనుక సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగినాడు. చివర ఒక గోధుమరంగు గీత. స్టెపినీ తీసి దాని గూటిలో వ్రేలు పెట్టినాడు. ఎండిన సన్నని ఒండ్రు. సీటు క్రింద బోల్టులకు తుప్పు. హెడ్‌లైటు లోపల చెమ్మ ఆరిన మరక.

"మాస్టారూ, రంగు కొత్తదేనండి. కాని దీని పొట్టలో బుడమేరు ఉందండి" అన్నాడు.

ఇంజనును కడిగి నడిపించవచ్చును. కాని నీరు త్రాగిన తీగలు, అతుకులు నెలల తరబడి లోలోపల కుళ్ళుతవి. ఒకనాటి రాత్రి దీపాలు ఆరిపోతవి, లేదా ప్రమాదవేళ తెరుచుకొనవలసిన గాలిసంచి తెరుచుకొనదు. పదిమంది పిల్లలకు పాఠం చెప్పవలసినవాడు దారిలోనే ఆగిపోవచ్చును. తక్కువ ధర వెనుక ఉన్నది అదీ.

రెండవది 2018 నాటి బొలేరో. ఒంటిపై గీతలు, తలుపున సొట్ట. నాకు నచ్చలేదు. మేస్త్రి యజమానికి ముందే కబురు పంపినాడు: ఉదయం మేము వచ్చేవరకు ఇంజను వేయవద్దని. వేడిగా ఉన్న ఇంజను తన రోగాన్ని దాచుకొంటుంది. చల్లని ఇంజను దాచలేదు. తాళం త్రిప్పగానే బండి కదలినది. సైలెన్సరు వద్ద నిలిచి పొగ చూచినాము. నల్లని పొగ మానకపోతే ఇంధనం సరిగా కాలడం లేదు. నీలిపొగ అయితే ఇంజను ఆయిలు కాలుతున్నది. తెల్లనిపొగ వేడెక్కిన తరువాత కూడ పోకపోతే లోపలికి నీరు చేరుతున్నదేమో చూడవలెను. ఆయిలు పోసే మూత తీసి చూచినాడు; లోపలినుండి బలంగా ఆవిరి తన్నితే ఇంజను అరిగినట్లు. పెద్ద గేరులో నెమ్మదిగా పోతూ ఆక్సిలరేటరు తొక్కమన్నాడు. ఇంజను అరచి బండి కదలకపోతే క్లచ్ పోయినట్లు. ట్రైలరు లాగిన బండ్లలో ముందుగా అరిగేది అదే. టైరు ప్రక్కన ఉన్న నాలుగంకెలు చదివించినాడు: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పెడల్ రబ్బరు అరుగుదలకు, కిలోమీటర్ల అంకెకు పొత్తు కుదిరినది. అతని తీర్పు ఒక్క మాట: "ఇది పనిచేసిన బండండి. పని చేసినట్టే కనబడుతోంది."

ఆ మాట నాకు నేటికీ గుర్తున్నది. మనుష్యుల విషయంలో కూడ అది మంచి ప్రశంస గదా!

ఇక పత్రాలు. ఇక్కడ మాత్రం నా వృత్తి నాకు తోడ్పడినది. తాటాకు ప్రతిని పరిష్కరించేవాడు ఒక్క ప్రతిని నమ్మడు. రెండు మూడింటిని సరిపోల్చి ప్రక్షిప్తాలు ఏరుతాడు. సి బుక్కులోని ఇంజను, ఛాసిస్ సంఖ్యలను బండిపై చెక్కిన సంఖ్యలతో అక్షరమక్షరం పోల్చవలెను. బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్లు సి బుక్కులో కూడ ఎక్కినదా చూడవలెను. చెల్లించని జరిమానాలు, బీమా గడువు రవాణా శాఖ వారి వివరాలలో దొరుకుతవి. మేము కొన్నది ఏ.పీ. 16 సంఖ్య గలది. 2019లో రాష్ట్రమంతటికీ ఏ.పీ. 39 రాకముందు అది కృష్ణా జిల్లా గుర్తు. పరరాష్ట్రపు బండి అయితే నిరభ్యంతర పత్రం కావలెను, ఇక్కడ మరల లైఫ్ టాక్సు కట్టవలెను. 2015లో జాతీయ హరిత న్యాయస్థానం పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లను ఢిల్లీ ప్రాంతంలో నిషేధించిన పిమ్మట అక్కడి బండ్లు అనేకం ఇతర రాష్ట్రాలకు తరలినవి. చవక అని ఎగబడినవారు ఈ ఖర్చు లెక్కించలేదు.

రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినవాడు 14 దినాలలో, కొన్నవాడు 30 దినాలలో రవాణా అధికారికి తెలుపవలెను. బీమా బదిలీకి కొన్నవాడు 14 దినాలలో కోరవలెను. ఇది లాంఛనం కాదు. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగిననాడు రిజిస్ట్రేషను ఎవరి పేర ఉన్నదో అతడే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు చెప్పినది. "సంతకం చేసి ఇచ్చినాను గదా" అని నిద్రపోయే అమ్మకందారు ఈ మాట వినవలెను.

చివర చెపుతానన్న కథ ఇది. వరదలో మునిగిన మా కారును బాగుచేయించి అమ్మకానికి పెట్టినాము. వరద మాట ఎత్తవద్దని మధ్యవర్తి ఒకడు చెప్పినాడు. నేను సరే అనలేదు, కాదు అనలేదు. కొనవచ్చినవాడు క్రొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. కారు చుట్టూ తిరిగి, ముచ్చటపడి, ధర ఒప్పుకొన్నాడు. లేచిపోతూ, "మాస్టారూ, ఇది నీళ్ళలో మునగలేదు కదండీ?" అని అడిగినాడు.

నేను నిజం చెప్పినాను. మేస్త్రి చేసిన పనుల చీటీలు చూపినాను. ధర బాగా తగ్గినది. ఆలోచించుకొని, మరల వచ్చి, అతడే తీసికొన్నాడు. నన్ను సత్యసంధుడని ఎవరూ భావించవద్దు. అతడు అడిగినందువల్ల చెప్పినాను. అడగకపోతే చెప్పియుందునా అన్న ప్రశ్నకు నావద్ద సమాధానం లేదు. ఆటోనగరులో ఆ మెరిసే బండి సీటు బెల్టుపై గోధుమరంగు గీత చూచినప్పుడు, వ్యాపారిపై కోపం రాకముందు నాకు సిగ్గు వచ్చినది.

కొనేవాడు అడగడం నేర్వవలెను, అది విద్య. అమ్మేవాడు అడగకముందే చెప్పవలెను, అది శీలం. మొదటిది మేస్త్రి నేర్పగలడు. రెండవదానిని నేర్పవలసినది ఇంటిలో, బడిలో, అనగా మనమే.

బొలేరో తలుపు సొట్ట నేటికీ అట్లే ఉన్నది. తీయించమని తమ్ముడు అంటాడు. ఉండనిమ్మన్నాను. రేపు ఎవరైనా దానిని కొనవస్తే, మొదట చూపవలసినది దానినే.