అమెరికా ఫెడరల్ కోర్టులు.. తలుపు తడితేనే రక్షణ

చదువు కోసమో, ఉద్యోగం కోసమో అమెరికా వెళ్లిన పిల్లలు లేని ఊరు తెలుగునాట నేడు అరుదు. అక్కడ వీసా చిక్కు ఎదురైనా, పోలీసు కేసు నమోదైనా ఇక్కడి తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఒక్కటే. పరాయి దేశస్థుడి మొర అక్కడి కోర్టు ఆలకిస్తుందా? ఆలకిస్తుంది. అయితే ఏ కోర్టుకు వెళ్లాలో, ఏ గడువులోగా వెళ్లాలో తెలిసి ఉండాలి.

రెండు వ్యవస్థలు

మన దేశంలో న్యాయవ్యవస్థ ఒకే గొలుసు. కేంద్ర చట్టమైనా, రాష్ట్ర చట్టమైనా కింది కోర్టు మొదలు హైకోర్టు, సుప్రీంకోర్టు వరకు అవే న్యాయస్థానాలు విచారిస్తాయి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత కోర్టులు ఉండగా, వాటికి సమాంతరంగా ఫెడరల్ కోర్టులు పనిచేస్తాయి. హత్య, దొంగతనం, విడాకులు, ట్రాఫిక్ ఉల్లంఘన వంటివి చాలావరకు రాష్ట్ర కోర్టుల పరిధిలోనివి. రాజ్యాంగం, ఫెడరల్ చట్టాలకు సంబంధించిన వివాదాలు, ఫెడరల్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న కేసులు ఫెడరల్ కోర్టులకు వెళతాయి. వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య 75 వేల డాలర్లకు మించిన వివాదాలనూ ఇవి విచారించవచ్చు.

ఒకే నేరం రెండు వ్యవస్థల్లోనూ విచారణకు రావచ్చు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతలో హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరును ఒక దుండగుడు జాతి విద్వేషంతో కాల్చి చంపాడు. హత్యానేరంపై 2018 మేలో రాష్ట్ర కోర్టు అతడికి జీవితఖైదు విధించింది. విద్వేష నేరాల చట్టం కింద అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ కోర్టు వేరుగా జీవితఖైదు విధించింది.

మూడు అంచెలు

ఫెడరల్ వ్యవస్థలో అట్టడుగున 94 జిల్లా కోర్టులు ఉన్నాయి. సాక్ష్యాల నమోదు, విచారణ ఇక్కడే జరుగుతాయి. వాటిపైన 13 అప్పీలు కోర్టులు. ఇక్కడ సాధారణంగా ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కింది కోర్టు తీర్పులోని తప్పొప్పులను పరిశీలిస్తుంది. అన్నింటికీ పైన తొమ్మిదిమంది న్యాయమూర్తులతో సుప్రీంకోర్టు. ఏటా వేలల్లో పిటిషన్లు వచ్చినా అది పూర్తిస్థాయిలో విచారించేవి వంద లోపే. నలుగురు న్యాయమూర్తులు సమ్మతిస్తేనే కేసును స్వీకరిస్తారు. అందువల్ల చాలామందికి అప్పీలు కోర్టు మాటే తుది మాట.

ఈ న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. ఒకసారి నియమితులయ్యాక పదవీ విరమణ వయసు లేదు. జీతం తగ్గించే అధికారం ఎవరికీ లేదు. అభిశంసన ద్వారా తప్ప తొలగించడం సాధ్యం కాదు. తనను నియమించిన అధ్యక్షుడి ఉత్తర్వును సైతం నిర్భయంగా కొట్టివేయగలగడానికి మూలం ఇదే. రాజ్యాంగ విరుద్ధమైన చట్టం చెల్లదని ప్రకటించే అధికారాన్ని సుప్రీంకోర్టు 1803లో మార్బరీ కేసులో స్థిరపరిచింది.

పౌరుడు కాకున్నా..

అమెరికా రాజ్యాంగపు 5, 14వ సవరణలు చట్టబద్ధ ప్రక్రియకు హామీ ఇస్తూ 'పౌరుడు' అనకుండా 'వ్యక్తి' అన్నాయి. ఈ ఒక్క పదమే విదేశీయులకు కొండంత అండ. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో లాండ్రీలు నడపడానికి అనుమతి తప్పనిసరి చేసి, చైనీయులకు మాత్రం దాన్ని నిరాకరించారు. యిక్ వో అనే లాండ్రీ యజమాని సవాలు చేయగా, సమాన రక్షణ పౌరులకే పరిమితం కాదని 1886లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

పేదరికం కూడా అడ్డు కాలేదు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేక ఫ్లోరిడాలో జైలుపాలైన క్లారెన్స్ గిడియన్ పెన్సిల్‌తో రాసి పంపిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు స్వీకరించింది. తీవ్ర నేరాభియోగం ఎదుర్కొనే పేదలకు ప్రభుత్వమే న్యాయవాదిని సమకూర్చాలని 1963లో తీర్పునిచ్చింది. తిరిగి జరిగిన విచారణలో గిడియన్ నిర్దోషిగా విడుదలయ్యాడు.

2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను అక్కడి ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసింది. వారిలో భారతీయులూ ఉన్నారు. పలు రాష్ట్రాల్లో విద్యార్థులు ఫెడరల్ జిల్లా కోర్టులను ఆశ్రయించగా, అనేకమంది న్యాయమూర్తులు మధ్యంతర ఉత్తర్వులిచ్చారు. రికార్డులను పునరుద్ధరిస్తామని ఏప్రిల్ 25న ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు తెలిపారు.

పరిమితులూ ఉన్నాయి

కోర్టు ప్రతిసారీ న్యాయం పక్షాన నిలిచిందనుకోవడం పొరపాటు. అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబ్ వాసి భగత్‌సింగ్ థింద్‌ను శ్వేతజాతీయుడిగా పరిగణించలేమంటూ 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వానికి అనర్హుడిగా తేల్చింది. భారతీయులకు ఆ తలుపు తెరిచింది 1946లో పార్లమెంటు చేసిన చట్టమే.

అంతేకాదు, కోర్టు తనంతట తానుగా రంగంలోకి దిగదు. మన దేశంలో మాదిరిగా పత్రికా వార్తను చూసి సుమోటోగా కేసు చేపట్టే సంప్రదాయం అక్కడ లేదు. నష్టపోయిన వ్యక్తే ముందుకు రావాలి. దేశమంతటికీ వర్తించేలా స్టే ఇచ్చే అధికారం జిల్లా జడ్జీలకు సాధారణంగా లేదని, కేసు వేసిన వారికి ఊరట కల్పించడమే వారి పని అని 2025 జూన్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒకే బాధ గలవారంతా కలిసి సామూహిక వ్యాజ్యం వేసే మార్గం మాత్రం మిగిలింది.

గుర్తుంచుకోవలసినవి

* ఇమ్మిగ్రేషన్ కోర్టులు ఈ వ్యవస్థలో భాగం కావు. అవి న్యాయశాఖ కింద పనిచేస్తాయి. అక్కడ ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు లేదు.

* దేశ బహిష్కరణ ఉత్తర్వు ఖరారైతే 30 రోజుల్లోగా ఫెడరల్ అప్పీలు కోర్టును ఆశ్రయించాలి. గడువు దాటితే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే.

* అక్రమంగా నిర్బంధించారని భావిస్తే జిల్లా కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు. దీనికి చట్టం నిర్ణయించిన రుసుము 5 డాలర్లే.

* హైదరాబాద్ సహా విదేశాల్లోని కాన్సులేట్లు వీసా తిరస్కరిస్తే అక్కడి కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. 2024లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే పునరుద్ఘాటించింది.

నోటీసు అందిన రోజు నుంచే గడువు లెక్క మొదలైందని భావించి, కాగితాలన్నీ భద్రపరచి, అర్హత కలిగిన న్యాయవాదిని వెంటనే సంప్రదించడం మేలు. ఏజెంట్ల మాట నమ్మి రోజులు గడిపితే రాజ్యాంగం ఇచ్చిన హక్కు సైతం చేజారిపోతుంది.