ఇంట పాట వినుటకు కంప్యూటరా? స్ట్రీమరా?

తరతరములుగా తమిళనాట స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలకు తెలుగు కంటికంటె ముందు చెవికి అందుచున్నది. వీధిలో వేరొక భాష, అంగడిలో వేరొక భాష; ఇంటిలో వినవచ్చు పాటయే పలువురు బాలబాలికలకు ఉచ్చారణ నేర్పు గురువు. తిరువయ్యూరున నివసించిన త్యాగరాజస్వామి (1767–1847) కృతులు ఈ నేలమీదనే వెలసిన తెలుగు మాటలు కదా! కావున పాట వినుటకు ఏ సాధనము మేలను ప్రశ్నను కేవలము విలాసమునకు సంబంధించినదిగా మేము తలంపము.

ఇంట నున్న కంప్యూటరుతో సరిపుచ్చుకొనవచ్చునా, లేక స్ట్రీమరును కొనవలెనా? స్ట్రీమరనగా ఇంటర్నెట్టు నుండి గాని, ఇంటిలోని డిస్కు నుండి గాని పాటను గ్రహించి స్పీకర్లకు అందించు చిన్న పెట్టె. దానికి వేరు పని లేదు. ఫోనులో పాట నెన్నుకొని, ఫోనును ప్రక్కన పెట్టవచ్చును.

మొదట ధ్వనిని గూర్చి విచారింతము. రెండు యంత్రములలోను పాట అంకెల రూపముననే యుండును. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాసియుంచుదురు. ఈ అంకెలను తిరిగి విద్యుత్తరంగముగా మార్చు భాగమునకు ‘డాక్’ అని పేరు. అంకెలు మార్పు లేక చేరినచో, అవి ఏ పెట్టెనుండి వచ్చినను ఒక్కటే. నాణ్యము డాక్‌ను, యాంప్లిఫైయరును, అన్నిటికంటె మిన్నగా స్పీకరును అనుసరించి యుండును. శ, ష, స అను అక్షరముల భేదము హెచ్చు స్థాయి ధ్వనులలో నిలిచియున్నది. నాసిరకపు స్పీకరు ఆ ధ్వనులను మ్రింగివేయగా, పిల్లవాని చెవికి మూడును ఒక్కటిగానే వినవచ్చును.

కంప్యూటరునకు కొన్ని లోపములు కలవు. లోపలి ఫ్యాను రొద చేయును. ఇయర్ ఫోను రంధ్రము గుండా ఒక్కొక్కపుడు సన్నని గుంయిమను శబ్దము వచ్చును. రాగాలాపన నడుమ ఈమెయిలు గంట మ్రోగును. వీనికి చికిత్స సులభము: యూఎస్‌బీ తీగతో తగిలించు చిన్న డాక్‌ను వెలుపల అమర్చి, హెచ్చరిక శబ్దములను ఆపివేసిన చాలును. చికిత్సకు లొంగనిది మరొకటి కలదు. పాటకై తెర ముందు కూర్చున్న బాలుడు పాటతో ఆగడు. ఆట, చలనచిత్రము అతనిని పిలుచుచునే యుండును. పైగా అన్నగారి పాఠమునకు ఆ కంప్యూటరే కావలసివచ్చినపుడు పాట ఆగిపోవును. తెర లేని స్ట్రీమరు ఈ చిక్కును తీర్చును. నడువ నుండి పాట వినవచ్చుచుండగా ఇల్లంతయు తన పని తాను చేసికొనవచ్చును.

అయినను స్ట్రీమరు ఆయుర్దాయము అమ్మిన సంస్థ చేతిలో నున్నది. స్క్వీజ్‌బాక్స్ అను ప్రసిద్ధ యంత్రముల తయారీ 2012లో నిలిచిపోయెను. వానికి తోడ్పడిన ఇంటర్నెట్టు సేవ 2024లో మూతపడెను. ఇంటిలోని కంప్యూటరుపై ఉచితమైన సర్వరు ప్రోగ్రామును నడుపుకొనువారు మాత్రము వానిని వాడుకొనుచునే యున్నారు. ఇందలి నీతి స్పష్టము: సొంత డిస్కులోని పాటలను సయితము వినిపింపగల యంత్రమునే కొనవలెను.

ఈ సొంత పాటలే మనకు ముఖ్యము. చలనచిత్ర గీతములు, ప్రసిద్ధ కృతులు ఇంటర్నెట్టున దొరకును. మన అవ్వలు పాడు పెండ్లి పాటలు, జోలపాటలు, ఇచ్చటి మన యాసతో కూడినవి, ఏ సంస్థయు మనకు పంపదు. వానిని రికార్డు చేసి, పేరిడి, వరుసగా దాచుటకు కంప్యూటరు అవసరము. సీడీ స్థాయిలో గంట పాటకు సుమారు 635 మెగాబైట్లు పట్టును. ఫ్లాక్ రూపమున దాచినచో నష్టము లేకయే చోటు తగ్గును. ఎంపీ3 రూపమున చోటు ఇంకను తగ్గును గాని, పోయిన ధ్వని తిరిగి రాదు. ప్రతులు రెండు చోట్ల నుంచుట మంచిది.

మధ్యమార్గము నొకటి తెలిపెదము. 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటరునకు డాక్‌ను తగిలించి, ఉచితముగా లభించు సంగీత ప్రోగ్రామును ఎక్కించినచో, అది తెర లేని స్ట్రీమరే యగును. కొంత ఓపిక కావలెను. పై తరగతుల విద్యార్థులకు ఇది మంచి అభ్యాసము.

కావున తల్లిదండ్రులకు మా సలహా ఇది: చేతిలోని సొమ్మును మొదట మంచి స్పీకర్లపై వెచ్చింపుడు, పిదప చిన్న డాక్‌పై. కంప్యూటరు పిల్లల దృష్టిని మరల్చుచున్నదని తోచినపుడే స్ట్రీమరును కొనుడు. అవ్వ పాటను రికార్డు చేయుటను మాత్రము ఏ యంత్రము కొరకును వాయిదా వేయకుడు; నేటి ఫోనే అందుకు చాలును.