చూపుకు చాటు, పిట్టకు చోటు, ఇంటికి మందు

నేటి పట్టణాలలో ఇల్లు కట్టుకొన్న గృహస్థులకు ఒక చిక్కు తప్పటం లేదు. వరండాలో కూర్చుంటే ఎదురుగా ప్రక్క స్థలంలోని చెత్తకుప్పో, సున్నం ఎరుగని గోడో, ట్రాన్స్‌ఫార్మరో కనబడుతుంది. దానిని చాటు చేయటానికి ఏ మొక్కలు నాటాలని నా వద్దకు వైద్యానికి వచ్చేవారు కూడ తరచుగా అడుగుతుంటారు. చాలామంది త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్‌ను నాటారు. అయితే దాని పుప్పొడి అలర్జీకి, శ్వాసకోశ బాధలకు కారణమవుతుందన్న ఆందోళనతో 2023లో గుజరాత్ ప్రభుత్వం, 2025లో తమిళనాడు ప్రభుత్వం దాని పెంపకాన్ని నిషేధించాయి.

చూపును కప్పే తెర ప్రాణం లేని గోడలా ఉండనక్కరలేదు. మన నేలకు అలవాటైన పొదలను ఎంచుకొంటే అదే తెర తేనెటీగకు ఆహారం, పిట్టకు ఆశ్రయం, ఇంటికి ఔషధం కాగలదు.

వెనుక వరుసకు

వావిలి ఉత్తమం. సంస్కృతంలో దీనిని నిర్గుండి అంటారు. పది పన్నెండు అడుగులు పెరుగుతుంది. కొమ్మ పాతినా బ్రతుకుతుంది. ఊదారంగు పూగుత్తులపై తేనెటీగలు ముసురుతాయి. వావిలాకు వేసి కాచిన నీటితో బాలింతలకు స్నానం చేయించటం, వాతపు నొప్పులకు కాపడం పెట్టటం మన పెద్దల ఆచారమే. దాని సరసన కరివేపను నాటండి. నల్లగా పండిన దాని కాయలకు పిగిలిపిట్టలు, కోకిలలు వస్తాయి.

ముందు వరుసకు

అడ్డసరం, అనగా వాస, ఏడాది పొడవునా ఆకు నిలిపే పొద. నీరు చాలక వావిలి ఆకు రాల్చిన రోజులలో ఇది చాటు కాస్తుంది. మేకలు ముట్టవు. తెల్లని పూలలోని తేనెకు ఈగలు చేరతాయి. దీని ఆకురసం తేనెతో కలిపి దగ్గుకు ఇస్తాము. ఆధునికులు వాడే బ్రోమ్‌హెక్సిన్ అనే మందుకు మూలం ఇందులోని వాసిసిన్ అనే పదార్థమే. గర్భిణులు మాత్రం దీనిని వాడరాదు.

మందారంలో ఒంటిరేకల ఎర్రదానిని ఎంచుకోండి; తేనెపిట్టలు దానిని వెదుక్కొంటూ వస్తాయి. ముద్దమందారంలో రేకలు క్రిక్కిరిసి ఉండటం వలన వాటికి తేనె అందటం కష్టం. ఎండ బాగా తగిలే మూల బతుకమ్మ పువ్వు తంగేడుకు అనువైనది.

పురుగును చూసి భయపడవద్దు

తన కరివేప ఆకును పక్షిరెట్టలాంటి పురుగులు తినివేస్తున్నాయని, పురుగుమందు చల్లించనా అని ఒక గృహిణి నన్ను అడిగారు. ఆ ఇంట రెండేళ్ళ మనుమడు ఉన్నాడు. "అమ్మా, ఆ పురుగులే మరికొన్నాళ్ళకు సీతాకోకచిలుకలవుతాయి; ఆకు మరల చిగురిస్తుంది. మందు చల్లితే మాత్రం ఆ ఆకు మీ పోపులోకే చేరుతుంది, ఆ పురుగును తిన్న పిట్ట కూడ విషమే తింటుంది" అని చెప్పాను. మొక్క మరీ చిన్నదైతే పురుగులను ఆకుతో సహా తీసి పెద్ద కరివేప పైనో, నిమ్మ పైనో వదలవచ్చును.

అయితే పురుగు తిన్న ఆకు మనకు కూడ క్షేమమని తలచరాదు. గన్నేరాకు తిని పెరిగే సీతాకోకచిలుకలున్నాయి. మనిషి గుండెకు మాత్రం అది విషం. ఆయుర్వేదం కరవీరాన్ని ఉపవిషాలలో చేర్చింది. పిల్లలు తిరిగే ఇంట గన్నేరు, పచ్చగన్నేరు వద్దు. పొరపాటున వాటి ఆకునో, గింజనో నమిలితే ఇంటి వైద్యం చేయక తక్షణం ఆసుపత్రికి తీసికొని వెళ్ళాలి.

నాటే పద్ధతి

తొలకరిలో మూడేసి అడుగుల ఎడంతో, అడుగున్నర లోతు గుంటలు రెండు వరుసలుగా తీయండి. వెనుక రెండు మొక్కల నడిమి ఖాళీకి ఎదురుగా ముందు మొక్క రావాలి. చివికిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి చాలు. ప్రహరీ అంచునే నాటాలనే నియమం లేదు. మనం కూర్చునే చోటికి దగ్గరగా నున్న అయిదడుగుల పొద, దూరాన ఉన్న పదడుగుల పొదకు సమానంగా చూపును కప్పుతుంది.

కత్తెరతో గోడలా చదును చేస్తే పూలు, పండ్లు పోతాయి. మా గురుకులంలో గురువుగారు మూలిక కోసే ముందు పొదను విప్పి చూడమనేవారు. గూడు ఉంటే ఆ పొదను ముట్టనిచ్చేవారు కాదు. ఆ నియమాన్నే పాటించండి. పొద నీడన పిట్టలకు నీళ్ళ మూకుడు పెట్టి, రోజు విడిచి రోజు కడిగి నింపితే దోమలు పెరగవు.

పొద పెరిగింది గదా అని వెనుకనున్న చెత్తకుప్పను మరువకండి. పచ్చని తెర చూపును ఆపగలదు గాని ఈగను, దోమను ఆపలేదు. పురపాలక సంఘంవారికి చెప్పి దానిని తొలగింపజేసే ప్రయత్నం మానవద్దు. కంటికి కనబడనంత మాత్రాన మురికి ఒంటికి సోకకుండా పోదు.