రేసు ట్రాకుపై ఎదురుపడని టైరు కంపెనీలు

చెన్నై నుంచి శ్రీపెరుంబుదూరు వెళ్లే దారిలో ఉన్న ఇరుంగాట్టుకోట్టై ట్రాకుపై జాతీయ టూరింగ్ కార్ల పోటీలు జరిగేటప్పుడు బరిలోని కార్లన్నిటికీ ఎంఆర్‌ఎఫ్ టైర్లే ఉంటాయి. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేపై ఎల్‌జీబీ ఫార్ములా-4 కార్లు పరుగెత్తేటప్పుడు అన్నిటికీ జేకే టైర్లే ఉంటాయి. దేశంలో మోటారు క్రీడకు దశాబ్దాలుగా ప్రధాన పోషకులైన ఈ రెండు సంస్థలు సర్క్యూట్ రేసులలో పోటీలను పంచుకున్నాయే తప్ప ఒకే రేసులో తలపడటం లేదు. ఎవరి టైరు మెరుగైనదో ప్రేక్షకునికి అక్కడ తేలదు.

టూరింగ్ కార్లంటే మార్కెట్లో అమ్ముడయ్యే కార్లనే రేసుకు అనువుగా మార్చినవి. మన దేశంలో మారుతి ఎస్టీమ్, హోండా సిటీ వంటి కార్లు ఈ తరగతిలో పరుగెత్తాయి. చూసేవారికి తమ వీధిలో తిరిగే కారే రేసులో కనిపిస్తుంది గనుక టైరు కంపెనీలకు ఇంతకు మించిన ప్రచారం దొరకదు. ఫార్ములా కారు టైరును ఎవరూ కొనరు. టూరింగ్ కారు టైరుపై ఉన్న పేరునే దుకాణంలో అడుగుతారు.

ఈ కార్లలో టైరు పాత్ర పెద్దది. ఇంజను శక్తి అంతా చివరకు అరచేతి వెడల్పున నేలను తాకే రబ్బరు ద్వారానే రోడ్డుకు చేరాలి. ముందు చక్రాలకే శక్తి అందే కార్లలో వేగం పెంచడం, మలుపు తిప్పడం రెండూ ముందు టైర్లే చేయాలి. బ్రేకు భారమూ అధిక భాగం వాటిపైనే పడుతుంది. వెనుక టైర్లు దాదాపు చెక్కుచెదరకుండా ఉండగానే ముందువి అరిగిపోవడం సాధారణం. మెత్తని రబ్బరు బాగా పట్టు ఇస్తుంది, త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువ ల్యాపులు నిలుస్తుంది కానీ వేడెక్కే వరకు కారు జారుతూ ఉంటుంది. పొడి ట్రాకుపై గాడులు లేని నున్నని టైరు వేగవంతమైనది. వాన పడితే అదే ప్రాణాంతకం. నీటిని పక్కకు తోసే గాడులు ఉన్న టైరు తప్పనిసరి. ఎండలకు తారు కాగిపోయి, ఈశాన్య రుతుపవనాల వేళ గంటలో తడిసి ముద్దయ్యే చెన్నై వంటి చోట ఈ ఎంపిక చిన్న విషయం కాదు.

ఈ ఎంపిక కంపెనీల మధ్య యుద్ధంగా మారితే ఏమవుతుందో బ్రిటన్ చవిచూసింది. 1990 దశకంలో బ్రిటిష్ టూరింగ్ కార్ల ఛాంపియన్‌షిప్‌లో కార్ల తయారీదారులు, వారితో పాటు ఒకటికి మించి టైరు కంపెనీలు హోరాహోరీగా తలపడ్డాయి. ఇటువంటి పోటీలో మేలైన టైర్లు ముందుగా పెద్ద జట్లకే చేరతాయి, చిన్న జట్లు మిగిలినవాటితో సరిపెట్టుకోవాలి. ఖర్చులు మోయలేని స్థాయికి చేరగా ఆ తరం కార్ల పోటీ 2000తో ముగిసింది. 2003 నుంచి అందరికీ డన్‌లప్ టైర్లే. ఇటీవలి సంవత్సరాలలో అవి గుడ్‌ఇయర్ ముద్రతో వస్తున్నాయి. అయితే నిర్వాహకులు ఎంపికను పూర్తిగా తీసివేయలేదు. ఒకే కంపెనీ టైర్లలో మెత్తనివి, గట్టివి ఇచ్చి, ఒకే రోజు జరిగే మూడు రేసులలో ఎక్కడ ఏది వాడాలన్న లెక్కను కొన్ని సీజన్లలో జట్లకే వదిలారు. పోటీ కంపెనీల నుంచి జట్ల తెలివితేటలకు మారింది.

ఒకే సరఫరాదారు పద్ధతికీ ప్రమాదం లేకపోలేదు. ప్రపంచ టూరింగ్ కార్ల కప్‌లో 2020 నుంచి గుడ్‌ఇయర్ ఒక్కటే టైర్లు అందించింది. 2022 మేలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ సుదీర్ఘ ట్రాకుపై టైర్ల భద్రత మీద అనుమానాలు తలెత్తి రేసులే రద్దయ్యాయి. ఆ తర్వాత, అంతకు ముందు రెండేళ్లూ విజేతను అందించిన స్వీడన్ జట్టు సయన్ రేసింగ్ ఇదే కారణంతో సీజన్ మధ్యలో తప్పుకొంది. మరో కంపెనీ టైరు బిగించి పరుగెత్తే వీలు నిబంధనలలో లేదు. ఆ కప్ ఆ ఏడాదితోనే ఆగిపోయింది.

మన దేశంలో ఈ వాదోపవాదాలకు తావే లేకపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ షోలవరంలోని యుద్ధకాలపు రన్‌వేపై రేసులు నడిపింది, ఇరుంగాట్టుకోట్టై ట్రాకు 1990లో వచ్చింది. టిక్కెట్ల రాబడితో నడిచే క్రీడ కాదు గనుక పోషకుడే పోటీని నిలబెట్టాలి. పోషించిన కంపెనీ తన టైరునే బిగించడం సహజం. ఫలితంగా చిన్న జట్లకు ఖర్చు తగ్గింది, చోదకుని నైపుణ్యానికి విలువ పెరిగింది. టైరుకు మాత్రం పరీక్ష లేకుండా పోయింది. ర్యాలీలు ఇందుకు మినహాయింపు. జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఎంఆర్‌ఎఫ్, జేకే జట్లు ముఖాముఖి ఢీకొన్న రోజులున్నాయి.

ట్రాకు వెలుపల పోటీ ఎంత ఉందన్నది మరో ప్రశ్న. లారీ, బస్సు టైర్ల ధరలను కుమ్మక్కై నిర్ణయించాయన్న అభియోగంపై అపోలో, ఎంఆర్‌ఎఫ్, సియట్, జేకే, బిర్లా టైర్స్ సంస్థలకు కాంపిటీషన్ కమిషన్ 2018 ఆగస్టులో రూ.1,788 కోట్లకు పైగా జరిమానా విధించింది. అందులో ఎంఆర్‌ఎఫ్ వాటా రూ.622.09 కోట్లు, జేకే వాటా రూ.309.95 కోట్లు. కోర్టు వివాదాల వల్ల ఆ ఉత్తర్వు 2022 ఫిబ్రవరిలో గాని వెలుగు చూడలేదు. అభియోగాన్ని కంపెనీలు ఖండించాయి. అప్పీలేట్ ట్రైబ్యునల్ అదే ఏడాది డిసెంబరులో కేసును పునఃపరిశీలనకు తిప్పి పంపింది. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్‌కు, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలోకు కర్మాగారాలున్నందున తెలుగు ప్రాంతాలకూ ఇది దూరపు వ్యవహారం కాదు.

స్వదేశీ ట్రాకులపై ప్రత్యర్థి లేని ఎంఆర్‌ఎఫ్ అదే 2022లో యూరోపియన్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో విదేశీ కంపెనీల టైర్లతో పోటీపడింది. ఆ టైర్లతో స్కోడా కారు నడిపిన స్పెయిన్ చోదకుడు ఎఫ్రెన్ లియరేనా ఆ ఏడాది టైటిల్ గెలుచుకున్నాడు.